పెంచలయ్య: నామవిచారము

గూడూరు సీమలో పెంచలయ్య యను పేరు వినఁబడని యూరు లేదనిన నతిశయోక్తి కాదు. అభ్రకపు గనులకును నిమ్మతోఁటలకును బేరువడిన గూడూరునుండి పడమరగా రాపూరువఱకును, నైరృతిగా వేంకటగిరివఱకును, వెలిగొండల కావల కడపసీమయందలి చిట్వేలి, రాజంపేట ప్రాంతములవఱకును నీ పేరు వ్యాపించియున్నది. పెంచలయ్య, పెంచలమ్మ, పెంచలరెడ్డి, పెంచలనాయుఁడు, పెంచలనరసయ్య మున్నగు రూపములతో నిది వేఱువేఱు కులములవారి యిండ్లలోఁ గనఁబడును. 1984వ సంవత్సరమున నెల్లూరునుండి లోకసభ కెన్నికైన పుచ్చలపల్లి పెంచలయ్యవలన నిది రాజధానివఱకును బోయినది. 2018లో 'కృష్ణార్జునయుద్ధము' చలనచిత్రమునకుఁ బాట వ్రాసి పాడిన పెంచల్ దాస్‌వలనఁ దెలుగుదేశ మంతటను వినఁబడినది.

అయినను ఈ పేరున కర్థమేమని యడిగినచో లభించు సమాధానములు ఒకదానితో నొకటి పొసఁగవు. పెనుశిల యను దేవాలయనామము చెడి పెంచల యైన దనుట యొక మతము. పెనవేసికొన్న శిల గనుక నా పేరు గలిగె ననుట రెండవ మతము. భక్తులను బెంచువాఁడు గనుక పెంచలయ్య యనుట చెవి కింపైన మూఁడవ యూహ. వీనిలో సాధువైన దేది, మిగిలినవానికిఁ గల విలువ యేమి యనునది విమర్శింపఁదగిన విషయము. ఇది పండితవినోదము మాత్రమే కాదు. పెంచల యనునది యపభ్రంశమే యైనచో, ఆ పేరు ధరించిన వేలకొలఁది జనులు తప్పుపేరు మోయుచున్నారని యొప్పుకొనవలసివచ్చును. కాదేని, ఆ పేరును దిద్దఁబూనుటయే తప్పగును.

పేరునకు మూలము పెంచలకోన. రాపూరు మండలమున గోనుపల్లి చేరువను, వెలిగొండల పాదమున నున్న నరసింహక్షేత్ర మిది. కోన యనఁగాఁ గొండల నడిమి లోయ. కండలేఱు పుట్టు చోటు నిదియే. కణ్వమహర్షి తపము చేసిన తావగుటచేఁ గణ్వుని పేరే యేటికిఁ గలిగెనని స్థలపురాణము చెప్పును. ఆ పురాణము ప్రకారము, హిరణ్యకశిపుని వధించిన పిదపఁ గోప మాఱక యడవులఁ దిరుగుచున్న నరసింహుఁడు చెంచుకన్యను జూచి శాంతించెను. ఆమెను వరించి, ఆమెతోఁ గూడి శిలారూపమున నిచ్చట వెలసెను. ఆ సంగతి తెలిసి యలిగిన యాదిలక్ష్మి యేటి కావలి యొడ్డునకుఁ బోయి నిలిచెను. ఆమె గుడి నేఁటికిని వేఱుగానే యున్నది. వైశాఖమున నృసింహజయంతికి జరుగు బ్రహ్మోత్సవములకు గూడూరు, నెల్లూరు, కడప సీమలనుండి జనులు చేరుదురు. ఆలయవ్యవహారమున స్వామి పేరు పెనుశిల లక్ష్మీనరసింహస్వామి. జనుల నోటఁ బెంచలస్వామి. ఈ రెండురూపముల నడిమి సంబంధమే యిచటి ప్రశ్న.

మొదట మూఁడవ యూహను దీర్చివేయవచ్చును. పెంచు ధాతువునకుఁ గర్త్రర్థమునఁ బెంచువాఁడు, పెంచినవాఁడు అను రూపములే కలవు గాని 'పెంచల' యను రూపము పుట్టుట కాధారము లేదు. అదియుఁ గాక, మనుష్యుని పేరునకు ముందే స్థలమునకు నీ పేరు కలదు. పెంచువాఁడను నర్థము కోన కన్వయింపదు. చెవి కింపైనంతమాత్రమున వ్యుత్పత్తి సిద్ధింపదు గదా.

ఇఁక మొదటి మతము. పెను యనునది పెద్ద యను నర్థముగల యచ్చతెలుఁగు విశేషణము. పెనుకొండ, పెనుగొండ, పెన్నేఱు అను స్థలనామములలో నిదియే మొదటి భాగము. శిల సంస్కృతము. పెనుశిల యనఁగా మహాశిల. దీనినుండి పెంచల యెట్లు వచ్చె ననునది యుచ్చారణధర్మమును బట్టి చూడవలయును. సంస్కృతమునందలి దిశాశబ్దము తెలుఁగున దెస యైనట్లు, శిల యను మాటలోని యికారము నెకారమై సెల యగుట సహజము. పెను యనుదాని తుది యుకారము చీఁకటితోఁ జేరినపుడు జాఱిపోయి పెంజీఁకటి యగుచున్నది. అట్లే పెను, సెల యను రెండును గలిసినపుడు ఉకారము జాఱి, బిందువు వెనుక సకారము నిలిచినది. బిందువు వెనుకఁ బడిన సకారము తెలుఁగునఁ జకారమగుట క్రొత్త గాదు: హంస అంచ యైనది, కాంస్యము కంచు అయినది. ఆ త్రోవనే పెంచెల, పిదపఁ బెంచల యేర్పడినవి. పెంచెల యను రూపము నేఁటికిని గొందఱి పేర్లలోఁ గనఁబడుట యీ క్రమమునకు సాక్ష్యము.

ఇచట నొక శంక కలుగవచ్చును. పెంజీఁకటిలో జకారము రాఁగా పెంచలలోఁ జకార మేల? సమాధానము వ్యాకరణమునందే యున్నది. సరళముగా మాఱునవి కచటతప లను పరుషములు మాత్రమే. సకారమునకు సరళము లేదు. చీఁకటి చకారముతో మొదలైన మాట గనుక జీఁకటి యైనది. పెంచలలోని చకారము మొదటిది గాదు, సకారమునుండి వచ్చినది. కాఁబట్టి యది పెంజల గాక పెంచలగానే నిలిచినది. అనఁగా నీ పేరులోని యొక్క యక్షరమే రెండవభాగము శిలయని చెప్పుచున్నది. చిల, చెల యని చకారముతో మొదలగు మాట యేదైన నున్నచో నది తప్పక పెంజలయై యుండెడిది. చెవికిఁ జెడిపోయినదిగాఁ దోఁచు రూపము నిజమునకు నియమము తప్పక నడచినది.

మఱియొక విశేష మున్నది. పెనుశిల యనునది సంపూర్ణముగా సంస్కృతము గాదు. పండితులు పెనుకొండను ఘనగిరి యనిరి. పెన్నేటిని బినాకిని యనిరి. ఈ కోనయందలి శిలను మాత్రము మహాశిల యనక, పెను యను తెలుఁగుమాటను మొదట నుంచి పెనుశిల యనిరి. పేరు పండితుని నోట మొదట పుట్టినదైనచో నందు సగము తెలుఁగై యుండుటకుఁ గారణము చాలదు. జనుల నోట నున్న పెంచెలను విని, దానిలోని రెండవ భాగమును గుఱుతించి, దానికి మాత్రమే సంస్కృతపు రూపము నిచ్చి రనుట సమంజసము. ఇట్లు చూచినచోఁ బెంచల పెనుశిల చెడిన రూపము గాదు. పెనుశిలయే పెంచలను విప్పిచెప్పిన రూపము. రెండును సాధువులే; ఒకటి వ్యవహారము, రెండవది వ్యాఖ్యానము.

ఇఁక రెండవ మతము. పెన యనఁగా మెలి. పెనవేయుట యనఁగా మెలివేసి కలుపుట. శిలారూపుఁడైన స్వామియుఁ జెంచులక్ష్మియు నొకరినొకరు పెనవేసికొన్నట్లు వెలసిరని భక్తుల విశ్వాసము. ఆ శిలను జూచినవారికి నీ వ్యుత్పత్తి పుస్తకము తెఱవకయే తట్టును. అయినను శబ్దదృష్టితో నిది నిలుచుట కష్టము. పెను యనుదాని యుకారము జాఱునట్లు పెన యనుదాని యకారము జాఱదు. పెనవేయు, పెనవడు మొదలగు మాటలలో నది చెక్కుచెదరక యున్నది. పెన, సెల చేరినచోఁ బెనసెల గావలసినది, పెంచెల కాఁజాలదు. కాఁబట్టి శబ్దము పెద్దతనమునుండి పుట్టినదే గాని పెనవేఁతనుండి పుట్టినది గాదు.

అట్లని రెండవ మతమును ద్రోసిపుచ్చరాదు. శబ్దము పుట్టిన చోటొకటి, యర్థము పెరిగిన చోటొకటి యగుట నామములయందుఁ దఱచు. ఇందులకు నరసింహక్షేత్రములలోఁ బెద్దదైన యహోబలమే తార్కాణ. అహోబల మనినచో 'ఏమి బల'మను నాశ్చర్యము; అహోబిల మనినచో 'ఏమి గుహ' యను నాశ్చర్యము. రెండు రూపములును, రెండు కథలును శతాబ్దములుగా నొకే కొండపైఁ బొత్తుగా నున్నవి. ఒకటి స్వామి పరాక్రమమును జెప్పును, రెండవది యాయన యున్న చోటును జెప్పును. భక్తుఁడు రెంటిని వదలఁడు. పెంచలకోనయందును నట్లే: పెను యనునది ఱాతిని జెప్పినది, పెన యనునది కథను జెప్పినది. ఱాయి లేక కథ నిలువదు. కథ లేనిచో ఱాతికి మ్రొక్కువాఁడు లేఁడు.

ఆ కథ యెవరిదో గమనింపవలయును. ఇచట స్వామి కోపమును మాన్పినది వనవాసుల యింటి యాఁడుబిడ్డ. ఆమె వంశమును జెప్పు పేర్లు నీ సీమలలో వేఱుగా నున్నవి: చెంచయ్య, చెంచమ్మ, చెంచురామయ్య. గదరు పార్టీలోఁ బనిచేసిన, కనిగిరి ప్రాంతమువాఁడైన దరిశి చెంచయ్య పేరు చరిత్ర యెఱిఁగినదే. పెంచలయ్య యను పేరు వరుని పక్షము, చెంచమ్మ యను పేరు వధువు పక్షము. అడవిజాతి పేరును ఊళ్ల వారు తమ బిడ్డలకుఁ బెట్టుకొనుట కీ వివాహకథయే త్రోవ చూపిన దనుట యూహ యైనను నిరాధారము గాదు. పెనవేసిన శిల యను వ్యుత్పత్తిని జనులు వదలకుండుటకును నిదియే కారణము. పెనుశిల యనినచో స్వామి యొక్కఁడే. పెనవేసిన శిల యనినచో నామెయు నున్నది. వ్యాకరణము మొదటిదానినే యంగీకరించును గాని, పేరు పెట్టు తల్లిదండ్రుల మనస్సున నున్నది రెండవదియుఁ గూడ.

దైవస్థలమును బట్టి పేరిడుట తెలుఁగువారికి బాగుగా నలవాటైన రీతి. తిరుమలవలనఁ దిరుమలయ్య, తిరుపతివలనఁ దిరుపతయ్య, యాదగిరివలన యాదగిరి, యాదయ్య, కదిరివలనఁ గదిరప్ప, సింహాచలమువలన సింహాచలము మొదలగు పేర్లు గలిగినవి. వీనియందు వ్యవహారరూపమునకును గ్రంథరూపమునకును గల సంబంధము పరిశీలింపఁదగినది. అహోబలమువలనఁ బుట్టిన యోబయ్య, ఓబులేసు లను పేర్లలో మొదటి యకారహకారములు రాలిపోయినవి. అయినను వానిని దప్పని యెవ్వరు ననలేదు. ఆంధ్రశబ్దచింతామణికి వ్యాఖ్య వ్రాసిన గాలి ఓబళయ్య గ్రంథమున నహోబలపతి, లోకమున నోబళయ్య. వ్యాకరణమునకు వ్యాఖ్యాతయైన పండితునకే జనరూపము లోపముగాఁ దోఁచలేదు. కందుకూరు ప్రాంతమునందలి మాలకొండ నరసింహుని పేర మాలకొండయ్యలును గలరు, మాల్యాద్రులును గలరు. అచట గ్రంథరూపమును వ్యవహారరూపమును రెండును మనుష్యుల పేర్లైనవి. పెంచలకోన విషయమున మాత్రము పెనుశిలయ్య యను పేరు వాడుకలో బలపడలేదు. దేవునకుఁ బెనుశిల చాలును, బిడ్డకుఁ బెంచలయే కావలయు నని జనులు తీర్పు చెప్పినట్లున్నది.

ఇట్టి నామరీతి తెలుఁగుదేశమునకే ప్రత్యేకము గాదు. మహాపురుషుని పేరుతో బిడ్డను ముడిపెట్టుట, కాలక్రమమున నా ముడి వినఁబడకుండునట్లు మాట కరఁగిపోవుట అన్యదేశములయందును గలదు. స్కాట్లండు, ఐర్లండు దేశముల గేలికు భాషయందలి మాల్కమ్ అను పేరు దీనికి మంచి సాటి. దాని మూలరూపము 'మాయెల్ కొలుమ్'. మాయెల్ అనఁగా ముండితశిరస్కుఁడు. సన్న్యాసులవలెఁ దల గొఱిగించుకొన్నవాఁడు, అనఁగా శిష్యుఁడు, దాసుఁడు. కొలుమ్ అనఁగా 563వ సంవత్సరమున ఐయోనా ద్వీపమున మఠము స్థాపించి 597లో మరణించిన కొలంబా యను మహనీయుఁడు. ఆయన పేరునకు లాటిను భాషలోఁ బావురమని యర్థము. కాఁబట్టి మాల్కమ్ అనఁగాఁ గొలంబాకుఁ దల యిచ్చిన దాసుఁడు. స్కాట్లండు నేలిన రాజులలో నలువురి కీ పేరు గలదు. వారిలో మూఁడవవాఁడు 1058 మొదలు 1093వఱకుఁ బాలించెను. కాలక్రమమున నది యింటిపేరుగాను మాఱినది. 1798లో హైదరాబాదున నాంగ్లప్రతినిధికి సహాయకుఁడుగా నుండిన జాన్ మాల్కమ్ అట్టివాఁడు. ఆయన పేరు పలికిన యీ దేశపువారిలో నందలి ముండనము నెఱిఁగినవా రుండుట యరుదు.

ఈ పోలికలో రెండు విషయములు గమనింపఁదగినవి. మొదటిది, ముండనము. ఇలవేలుపు సన్నిధిని బిడ్డ పుట్టువెండ్రుకలు తీయించి, యా దేవుని పేరే పెట్టుట తెలుఁగువారి మ్రొక్కుబడులలో నొకటి. గేలికుజాతివారు తల గొఱిగించుకొనుటను మాటలోనే యిమిడ్చిరి. తెలుఁగువారు మాటను వేఱుగా నుంచి, యా పనిని గుడిలోఁ జేసిరి. అర్పణము మాత్రము రెంటను నొక్కటే. రెండవది, భేదము. గేలికువారు మహనీయుని పేరును నేరుగాఁ బెట్టుకొనక, శిష్యుఁ డనియో, గిల్‌క్రిస్ట్ మొదలగు పేర్లయందువలె దాసుఁ డనియో యొక మాటను ముందుంచి దూరము పాటించిరి. తెలుఁగుతల్లి యట్టి దూరము పాటింపదు. దేవుని పేరునకు అయ్య చేర్చి బిడ్డకే పెట్టును. అయ్య యను మాట దేవుని గౌరవించుటకును, తండ్రిని బిలుచుటకును, బిడ్డను ముద్దు చేయుటకును నొక్కటే యైనందున నిది సాధ్యమైనది.

ఈ చనువునకు వెనుక నొక విశ్వాస మున్నది. భాగవతమున షష్ఠస్కంధమునందలి యజామిళుఁడు చావుసమయమునఁ గొడుకును నారాయణా యని పిలిచి తరించెను. బిడ్డకు దేవుని పేరిడినచోఁ బ్రతిపిలుపును స్మరణమగు నను తలఁపు నా కథ లోకమున స్థిరపఱచినది. ఆ స్కంధమును దెనిఁగించిన ఏర్చూరి సింగన పేరును సింహశబ్దభవమే యగుట యొక విశేషము. సింహము సింగమైనట్లు, పెనుసెల పెంచెల యైనట్లు, పవిత్రనామము నోటి కలవాటుపడిన కొలఁది నునుపు దేఱును. నునుపు దేఱుట నాశము గాదు, వాడుకకు గుఱుతు. పొలము దున్నువాఁడును, గనిలో దిగువాఁడును, తోఁటలో నిమ్మకాయ కోయువాఁడును దినమునకుఁ బదిమాఱులు పలికిన మాట యట్లు గాక మఱెట్లుండును?

కాఁబట్టి పెంచలయ్య యను పేరున కర్థము మూఁడు పొరలుగా నున్నది. శబ్దమునకుఁ బెద్దశిల యని యర్థము. ఇది వ్యాకరణమువలనఁ దేలినది. కథకుఁ బెనవేసిన శిల యని యర్థము; ఇది విశ్వాసమువలన నిలిచినది. పేరు పెట్టువాని మనస్సున నీ రెండును గాక, 'ఆ కోనయందలి స్వామి యిచ్చిన బిడ్డ' యని యర్థము. ఇది మ్రొక్కువలనఁ గలిగినది. నామవిచారము చేయువారు మొదటి పొరవద్దనే నిలిచి, మిగిలినవానిని బామరుల భ్రాంతియని త్రోసివేయుట తఱచు. అది సరిగాదు. మొదటిపొర తెలియకయే వేలమంది పెంచలయ్యలు జీవించిరి. మూఁడవపొర లేకున్నచో నొక్క పెంచలయ్యయు నుండఁడు.

ఇటీవల నీ పేరు పెంచల్ అని కుదియుచున్నది. పెంచల్ రెడ్డి, పెంచల్ ప్రసాద్ అను రూపములు నేఁడు సామాన్యములు. అజంతమైన తెలుఁగుమాటను హలంతముగా ముగించుట భాషాప్రకృతికి విరుద్ధమే. అయినను దీనికిఁ గూడఁ జింతింపఁబనిలేదు. చకారము నిలిచినంతకాల మందు సకారపు జాడయు, ఆ జాడలో శిలయు నుండును. చింతింపవలసినది వేఱొకటి కలదు. నాఁగరకము కాదను సంకోచముతోఁ గొందఱు తాతపేరైన పెంచలయ్యను మనుమనికి మొదటియక్షరముగా మాత్రమే మిగిల్చి, ప్రక్కనొక క్రొత్తపేరు చేర్చుచున్నారు. అక్షరమునకుఁ గోన తెలియదు, కథ తెలియదు, మ్రొక్కు తెలియదు.

2022వ సంవత్సరమున గూడూరు నెల్లూరు జిల్లానుండి వేఱై తిరుపతి జిల్లాలోఁ జేరఁగా, పెంచలకోన యున్న రాపూరు నెల్లూరు జిల్లాలోనే నిలిచినది. చిట్వేలి, రాజంపేటలు కొండ కావలివైపున నదివఱకే వేఱుసీమ. పాలనకొఱకు గీచిన గీఁతలు కాలమునుబట్టి జరుగుచుండును. గూడూరు బజారున నొకఁడు పెంచలయ్యా యని పిలిచినపుడు మాత్రము ఆ గీఁతలన్నియు దాఁటి, కండలేఱు పుట్టిన కోనవఱకు నొక త్రోవ యేర్పడుచున్నది. ఆ త్రోవ నట్లే యుంచుటకు పేరును దిద్దనక్కఱ లేదు, పిలిచినఁ జాలును.